ఎనిమిదో పని

పదేళ్లుగా ఒక అంకెని మోస్తున్నాను. ఎనిమిది.

నేను ఏ పనైనా వరుస అంకెలు వేసి రాసుకునే మనిషిని. బజారుకి వెళ్లేముందు రాసుకుంటాను, ఊరు వెళ్లేముందు రాసుకుంటాను, పూర్తయినవాటి పక్కన గీత పెడతాను. అలా రాసిన కాగితాలు నా జీవితంలో వేలల్లో ఉంటాయి. అందులో ఒక్కటి మాత్రం ఏడో అంకె దగ్గర ఆగిపోయింది. ఆపింది నేనే. ఎందుకు ఆపానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

ముందు మేస్త్రి గురించి చెప్పాలి. ఆయన ఎలాంటి మనిషో తెలియకపోతే నేను చేసింది చిన్న తప్పులా కనిపిస్తుంది. నిజానికి పైకి చూస్తే చిన్నదే.

డెబ్బైల చివర. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లమా చేసి, ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఎందుకని, నర్సీపట్నంలో బలిఘట్టం రోడ్డు మీదున్న మేస్త్రి షెడ్డులో చేరాను. ఆయనకి చదువు లేదు. పేరు మాత్రం రాయగలడు, అదీ బొమ్మ గీసినట్టు గీస్తాడు. షెడ్డులో రిజిస్టరు లేదు, కాగితం లేదు. అంతా ఆయన తలలోనే. ఫలానా లారీకి ఎడమ వెనక చక్రంలో నాలుగో నట్టు మర అరిగిందని, ఫలానా జీపు రేడియేటరుకి కింద అతుకు పెట్టింది పోయిన దసరాకి ముందని, చేతిలో పని ఆపకుండా చెప్పేవాడు. నేను చేరగానే ఒక రిజిస్టరు మొదలుపెట్టాను. పద్ధతి కోసం అని అందరితో అన్నాను. ఆయన ఎక్కడైనా పొరబడతాడేమో చూద్దామని కూడా. మూడు నెలలు చూశాను. ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు నేను సంతోషించలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఊళ్లో ఒక డాక్టరమ్మగారు ఉండేవారు. విశాఖపట్నంలో పనిచేసి సొంత దేశం వెళ్లిపోతున్న ఒక విదేశీ ఇంజినీరు దగ్గర చిన్న కారు కొన్నారు. ఆవిడే నడిపేవారు. వారానికి ఒకసారి నాతవరం వైపు పల్లెలకి వెళ్లి గర్భిణులని చూసి వచ్చేవారు. ఆ కారు మొదటిసారి షెడ్డుకి వచ్చినప్పుడు మేస్త్రి ఇంజను ముందున్న రేకు మూత విప్పి, లోపల ఉన్నది చూసి, గొంతుక్కూర్చున్నాడు. మాకు తెలిసిన కార్లలో అక్కడ గొలుసు ఉంటుంది. ఇందులో రబ్బరు బెల్టు, లోపలివైపు పళ్లతో. టైమింగ్ బెల్టు. పుస్తకంలో నేను చదివాను గాని కంటితో చూడటం నాకూ అదే మొదలు. ఆయన స్పానరుతో ఇంజను నెమ్మదిగా తిప్పుతూ, ఏ పన్ను ఎక్కడ పడుతోందో సుద్దతో గుర్తు పెడుతూ, గంటసేపు దాని దగ్గరే ఉన్నాడు. తర్వాత లేచి, అది ఎందుకుందో, ఒక్క పన్ను జారితే ఏమవుతుందో, తెగితే ఇంజను నడిరోడ్డు మీద ఎలా ఆగిపోతుందో నాకు చెప్పాడు. మా లెక్చరరు వారం రోజులు చెప్పిన పాఠం అది. ఇంత తేటగా చెప్పలేదు. ఆయన దానికి పళ్ల బెల్టు అని పేరు పెట్టాడు. ఈరోజుకీ నా నోట ఆ పేరే వస్తుంది.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి వస్తే ఒకరోజు అంతా విప్పి చూడటం. చేయాల్సిన పనులు మేస్త్రి చెబుతుంటే నేను రాయడం. కింద ఆయన సంతకం గీయడం. ఆ కాగితం బండితోపాటు యజమానికి వెళ్తుంది. వాళ్లు కావలసినవాటికి టిక్కు పెట్టి పంపితే మర్నాడు పని మొదలవుతుంది. పనయ్యాక ఆ కాగితం మళ్లీ బండితోనే యజమానికి చేరుతుంది. రాయడం నేను వచ్చాకే మొదలైంది. అంతకుముందు ఆయన నోటితోనే చెప్పేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను రాకపోయుంటే ఆ తప్పుకి చోటే లేదు.

ఒకసారి అలాగే డాక్టరమ్మగారి కారు చూశాం. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఇంజనాయిలు, ప్లగ్గులు, ముందు బ్రేకు షూలు, అలా ఏడు. చివర పళ్ల బెల్టుని బొటనవేలితో వెనక్కి వంచి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "దీన్ని మార్సీయాల. బెల్టు వొచ్చినంతవరకూ దూరాలెల్లొద్దని గూడా రాయి బాబూ," అన్నాడు.

నేను కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీశాను. బెల్టు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో అందులో ఉంది. మీటరు చూస్తే ఇంకా చాలా దూరం ఉంది. అదే అన్నాను. ఆయన కారు తలుపు తీసి క్లచ్ పెడల్ చూపించాడు. దాని రబ్బరు మీద గీతలు నున్నగా అరిగిపోయాయి.

"మీటరు ఏడు నెలలు పడుకుంది గదా. డాక్టరమ్మ కాలు పడుకోనేదు."

నిజమే. మీటరు కేబులు తెగి, ఆ రకం దొరక్క, ఏడు నెలలు అంకె కదలలేదు. ఆ సంగతి నా రిజిస్టరులో నా చేతిరాతతోనే ఉంది. అయినా నేను వెనక్కి తగ్గలేదు. వారానికి ఒక ప్రయాణం, రానూపోనూ ఇంత, ఏడు నెలలకి ఇంత అని అట్ట మీద లెక్క వేసి చూపించాను. కూడినా పుస్తకం చెప్పిన అంకె కంటే తక్కువే. మేస్త్రి లెక్క వైపు చూడలేదు.

"పురుళ్లు వారం సూసుకుని రావు బాబూ," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "గొలుసైతే ముందే అరుస్తాది. ఇది అరవదు. రాసీ."

సరే అన్నాను. రాయలేదు.

ఎందుకు? ఈ ప్రశ్నకి నేను చాలా జవాబులు రాసుకున్నాను. బెల్టు మద్రాసు నుంచి రావాలి, అంతవరకూ డాక్టరమ్మగారికి ఇబ్బంది. బాగున్న సామాను మార్పిస్తారని మెకానిక్కుల మీద ఊళ్లో మాట ఉంది, అది మా షెడ్డుకి రాకూడదు. పుస్తకం రాసినవాళ్లు తెలియక రాస్తారా? ఇవన్నీ కాగితం మీద బాగానే కనిపిస్తాయి. అసలు కారణం మాత్రం వీటిలో లేదు. చదువు లేని మనిషి ఒక పెడల్ రబ్బరు చూసి చెప్పింది, మూడేళ్లు చదివిన నేను లెక్క వేసి చెప్పినదానికంటే సరైనదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలుసు కాబట్టే రాయలేదు. ఆయన్ని మెచ్చుకోకుండా ఉండలేని స్థితికి వచ్చేశాను, అది నాకు నచ్చలేదు. ఇంతకంటే దగ్గరగా ఆ సంగతిని చెప్పలేను.

ఏడు అంకెల కాగితం కింద ఆయన పేరు గీశాడు. ఎప్పటిలాగే, పైన అంకెల వైపు చూడలేదు, చదివి వినిపించమని అడగలేదు.

మర్నాడు ఏడు పనులకీ టిక్కులతో కాగితం తిరిగొచ్చింది. బెల్టుకి ఏమన్నారని మేస్త్రి అడిగాడు. తర్వాత చూద్దామన్నారని చెప్పాను. ఆవిడ బండి, ఆవిడ ఇష్టం అన్నాడు. రాయకపోవడం ఒకటి. ఇది రెండోది. మొదటిదానికి పుస్తకం చాటున దాక్కోగలను. దీనికి ఏ చాటూ లేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం నాతవరం రోడ్డులో బెల్టు తెగింది. వెనక సీట్లో నొప్పులు పడుతున్న ఒక అమ్మాయి ఉంది. పురుడు కష్టమయ్యేలా ఉందని డాక్టరమ్మగారు ఆసుపత్రికి తీసుకొస్తున్నారు. చెరకు దింపి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు ఒకటి కనబడితే, తొట్టిలో ఆకు పరిచి, అందులో ఎక్కించారు. ఊరు చేరకముందే అందులోనే పురుడు పోశారు. తల్లీ బిడ్డా దక్కారు. తల్లి మాత్రం నెల్లాళ్లు మంచం దిగలేదని విన్నాను. దక్కారు కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. దక్కించింది ఆవిడ చేతులు. నేను కాదు.

మర్నాడు అదే ట్రాక్టరు కారుని షెడ్డుకి లాక్కొచ్చింది. వెనకే రిక్షాలో వచ్చి డాక్టరమ్మగారు దిగారు. మేస్త్రి అప్పటికే మూత విప్పి, తెగిన బెల్టు చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు. తెగుతుందని ముందే తెలిసే వీలు లేదా అని అడిగారు.

"ఉందమ్మా," అన్నాడు మేస్త్రి. ఇంజను విషయంలో ఆయన అబద్ధం ఆడడు.

"మరి ఇందులో లేదేం?"

ఆవిడ బ్యాగులోంచి కాగితం తీసి ఇచ్చారు. ఆయన పట్టుకున్నాడు. ఆయనకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఒకటి నుంచి కిందికి వచ్చాడు. ఏడు తర్వాత తన పేరు. వేలు అక్కడ పెట్టి ఉంచాడు. తర్వాత తల ఎత్తి నా వైపు చూశాడు. నా చేతిలో ఒక స్పానరు ఉంది. అప్పటికే తుడిచినదాన్ని మళ్లీ తుడుస్తున్నాను. నోరు తెరవడానికి నాకు కావలసినంత టైము ఇచ్చాడు. అది కోపంగా చూసిన చూపు కాదు. కోపమైతే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

"నాదే తప్పమ్మా. రాయించడం మర్సిపోనాను."

"మీరా మేస్త్రీ? మర్చిపోయారా?"

"వయసు గదమ్మా," అన్నాడు. ఆయనకి అప్పటికి యాభై దాటలేదు.

ఆ మాట విలువ ఎంతో మీకు తెలియాలి. చదువున్నవాడు మర్చిపోతే కాగితం చూసుకుంటాడు. ఆ మనిషికి ఉన్న ఆస్తంతా జ్ఞాపకమే. దాన్నే తీసి ఇచ్చేశాడు. నా కోసమా? తన సంతకం ఉన్న కాగితానికి తనే జవాబు చెప్పాలనుకున్నాడా? షెడ్డు గుట్టు బయటికి పోకూడదనా? అడిగే ధైర్యం నాకు రాలేదు. ఆయన చెప్పనూ లేదు.

డాక్టరమ్మగారి కారు ఆ తర్వాత మా షెడ్డుకి రాలేదు. విశాఖపట్నం పంపేవారు. ఊరికి సంగతి తెలిసింది. లారీ డ్రైవర్లు సరదాకి పట్టుకున్నారు. ఏటి మేస్త్రీ, సక్రాలు నాలుగూ ఎట్టినావా, ఒకటి మర్సిపోనావా అనేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఆయన నవ్వలేనిది ఒకటుంది. బండి యజమానులు పక్కనే నిలబడి, అది చూశావా, ఇది బిగించావా అని అడగడం మొదలుపెట్టారు. ఎన్నడూ ఒక నట్టుని రెండోసారి ముట్టుకోని చెయ్యి, వాళ్ల కోసం మళ్లీ వెళ్లి ముట్టుకుని వచ్చేది. నేను రిజిస్టరులో రాస్తూ అది చూసేవాణ్ణి.

నాతో ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు. పని నేర్పాడు, ఏదీ దాచుకోలేదు. ఒక్కటే మారింది. జాబితా రాశాక, సంతకం చేసేముందు, "ఓపాలి సదువు బాబూ," అనేవాడు. నేను పైకి చదివేవాణ్ణి. వేళ్లు మడుస్తూ వినేవాడు. అయ్యాక గీసేవాడు. రెండేళ్లు, ప్రతి బండికీ. అంతకుమించి ఆయన నన్ను ఏమీ అనలేదు.

తర్వాత నాకు ఒక ఆఫీసు జీపుల షెడ్డులో ఉద్యోగం వచ్చింది. సిఫారసు ఉత్తరం రాసింది డాక్టరమ్మగారే. ప్రతిదీ పద్ధతిగా రాసిపెట్టుకునే కుర్రాడని రాశారు. ఆ ఉత్తరం నేనే కవరులో పట్టుకెళ్లి ఇచ్చాను.

ఇప్పుడు నా కింద నలుగురు మెకానిక్కులు ఉన్నారు. తెగకముందే మార్చేవాడినని నాకు పేరు. పుస్తకం ఇంకా టైముందన్నా, రబ్బరుని బొటనవేలితో వంచి, వాసన చూసి, మార్చేయమంటాను. అనుభవం అంటారు వాళ్లు. అది నా అనుభవం కాదు, ఆ వేలు నాది కాదు అని ఒక్కసారైనా అన్నానా? అనలేదు.

మేస్త్రి షెడ్డు మూసేసి, యలమంచిలిలో కూతురి దగ్గర ఉంటున్నాడని తెలిసింది. వెళ్లాలి. వెళ్తానో లేదో ఇక్కడ రాయను. చేయని పనిని చేస్తానని రాయడం కూడా ఒకరకం అబద్ధమే. డాక్టరమ్మగారు ఆరోజు మేస్త్రి చేతిలో వదిలి వెళ్లిన కాగితం మాత్రం నా దగ్గరే ఉంది. ఏడింటి కిందా, ఆయన సంతకానికి పైనా, ఒక వరుసకి సరిపడా చోటు ఇన్నేళ్లూ ఖాళీగానే ఉంది. ఈరోజు రాశాను. సిరా రంగు కలవలేదు. కలవకపోవడమే మంచిది.

రాశాక గదిలో ఒక్కణ్ణే పైకి చదివాను, మొదటినుంచీ.

ఒకటి, ఇంజనాయిలు మార్చాలి. రెండు, ప్లగ్గులు తీసి శుభ్రం చేయాలి. మూడు, ముందు బ్రేకు షూలు. నాలుగు, రేడియేటరు పైపు క్లిప్పు. ఐదు, వెనక ఎడమ షాకబ్జారు బుష్షు. ఆరు, బ్యాటరీ టెర్మినళ్లు. ఏడు, హారన్ వైరు.

ఎనిమిది, పళ్ల బెల్టు మార్చాలి. అది వచ్చేవరకు దూర ప్రయాణాలు వద్దు. మేస్త్రి చెప్పాడు.