రెండో బ్రేకు

కారులో పక్క సీటులో కూర్చుంటే నా కుడికాలు ఊరుకోదు. ఎదురుగా ఏదైనా వస్తే చాలు, అక్కడ లేని బ్రేకును నొక్కుతుంది. "నువ్విలా నొక్కి నొక్కి కారుకి చిల్లు పెట్టేస్తావే" అని మా ఆయన నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఈ మధ్య పాలకొల్లు సెంటరు దాటి మా బట్టల కొట్టుకు నడిచి వెళ్లాలన్నా నాకు గుండె దడే. ఇండికేటరు ఒకవైపు వెలుగుతుంది, బండి రెండోవైపు తిరుగుతుంది. తలకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, మెడ వంకరగా పెట్టుకుని వచ్చే మహానుభావులకు మనమే తప్పుకోవాలి. హారను కొట్టడం మాత్రం అందరికీ బ్రహ్మాండంగా వచ్చు. వీళ్ళ జేబుల్లో లైసెన్సు లేకపోతే, పోనీలే, నేర్చుకోలేదని సరిపెట్టుకుందును. ఉంటుంది. నా అసలు భయం అదే.

అలాంటి లైసెన్సే మొన్న వేసవిలో మా అమ్మాయికీ వచ్చింది. ఆ సాయంత్రం నేరుగా కొట్టుకే వచ్చి, గల్లాపెట్టె పక్కన స్వీటు పొట్లం పెట్టి, "పాసైపోయానమ్మా!" అంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, ఏమేం చేయించారే అని అడిగాను.

"ముందుకెళ్ళమన్నారు. మలుపు తిప్పమన్నారు. ఆపమన్నారు. అంతే."

"మరి వెనక్కి?"

"వెనక్కి అడగలేదు. లైన్లో బోల్డు మంది ఉన్నారమ్మా."

"నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

"మా స్కూలు సారే."

అప్పుడు చెప్పింది. డ్రైవింగు స్కూలు కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందట, నేర్పే ఆయన కోసం. నేర్చుకున్నన్నాళ్ళూ ఆయన కాలు దాని మీదే ఉండేదట. పరీక్ష కూడా ఆ కారులోనే పెట్టారట. "మామూలుగా ఆపడం నాకొచ్చమ్మా. ఏ కుక్కో మేకో సడన్‌గా అడ్డొస్తే మాత్రం నేను నొక్కేలోపే కారు ఆగిపోయేది. ఆపింది నేనో, ఆయనో నాకే తెలిసేది కాదు" అని పకపకా నవ్వింది. మా ఆయనా నవ్వారు. నేను మాత్రం రెండో ముక్క తీసుకోలేదు. వానాకాలం వెళ్ళేలోపు అది రాజమండ్రిలో ఉద్యోగంలో చేరాలి. ఇంట్లో కారు తనే తోలుకుని వెళ్తానని అప్పటికే వాళ్ళ నాన్న దగ్గర మాట తీసేసుకుంది. సిద్ధాంతం వంతెన ఎక్కి, హైవే మీద ఆ లారీల మధ్యన, ఒక్కతీ.

ఆ తర్వాత అది కారు తీసినప్పుడల్లా మా ఆయన పక్కన కూర్చునేవారు. చెయ్యి హ్యాండు బ్రేకు మీంచి తీసేవారు కాదు. నేను వెనక సీటులోంచి అది చూస్తూ ఉండేదాన్ని. కాలు పోయి చెయ్యి వచ్చింది గానీ, పిల్లకు కొత్తగా వచ్చిందేమీ లేదనిపించేది.

మా నాన్న కూడా బట్టల వ్యాపారమే చేసేవారు. పాత వ్యానులో మూటలు వేసుకుని కాలవ గట్ల మీద ఊరూరా తిరిగేవారు. ఆయన లైసెన్సుకు వెళ్ళినప్పుడు ఆఫీసరు గట్టు మీద వ్యానును వెనక్కి నడిపించి, కిందకు దిగి, తడి మట్టిలో చక్రాల జాడ వంకర పోయిందేమోనని చూశాడట. వంకర పోయిందని ఫెయిలు కూడా చేశాడట. నాన్న కాస్త కోతలు కోసే మనిషే. కానీ ఫెయిలయ్యానని ఎవరూ కోతలు కోయరు కదా.

మా వైపు కాలవగట్టు దారి ఒక్క బండికే సరిపోతుంది. ఒక పక్క కాలవ, రెండో పక్క చేలు. రెండు బళ్ళు ఎదురుపడితే బరువున్న బండి కదలదు. ఖాళీ బండే వెనక్కి వెళ్ళి, రేవు దగ్గర కాస్త వెడల్పున్న చోట ఒదిగి దారివ్వాలి. అలా వెళ్ళే ముందు, బండి కాలవలో పడినా బయటపడేలా అద్దాలు దించేయాలి, జనమంతా దిగిపోవాలి. దిగినవాళ్ళలో ఒకరు కాలవ అంచున నిలబడి, బండితో పాటు వెనక్కి నడుస్తూ "రానీ, రానీ" అంటుండాలి. గట్టు ఎక్కడ అయిపోతుందో డ్రైవరుకు ఆ మనిషే గుర్తు. ఆ మనిషి సొంత మనిషే అయి ఉండాలి. మా వ్యానుకు ఎప్పుడూ మా అమ్మే నిలబడేది. పిల్లలందరినీ చేల వైపు నిలబెట్టి, తను కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నీళ్ళ వైపు వెళ్ళేది. అమ్మను అక్కడెందుకు పెడతావని నేను ఏడ్చేదాన్ని. "మీ అమ్మ ఉన్న వైపు నా చెయ్యి తిరగదే పిచ్చిదానా" అనేవారు నాన్న.

వానలు పడి, కాలవలకు నీళ్ళు వదిలాక, మొగల్తూరులో మా ఆడపడుచుకు ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి బయల్దేరాం. మా ఆయనకు కొట్టు వదలడం కుదరలేదు. అమ్మాయి తోలుతోంది, పక్కన నేను. అది బెల్టు పెట్టుకుంది, ఏసీ వేసింది, అద్దాలన్నీ బిగించింది. నర్సాపురం దాటాక రోడ్డు మీద కల్వర్టు తవ్వేసి ఉంది. గట్టు మీంచి పొమ్మని అక్కడ పనిచేస్తున్నవాళ్ళు చెయ్యి చూపించారు. గట్టెక్కగానే నా కాలు దాని పని అది మొదలుపెట్టింది. కాలవ అమ్మాయికి కుడిచేతి వైపు ఉంది. నిండా గుర్రపుడెక్క. నీళ్ళు కనబడవు, పచ్చగా చదునుగా, గట్టే ఇంకొంచెం వెడల్పుగా ఉన్నట్టు ఉంటుంది. తెలియనివాళ్ళు నేలనుకుని అడుగు వేస్తారు.

రేవు దాటి కొంచెం ముందుకు వెళ్ళామో లేదో ఎదురుగా ట్రాక్టరు. వెనక ట్రక్కు నిండా బస్తాలు. రెండు బళ్ళూ దూరంగానే ఆగాయి. ట్రాక్టరు తోలే అతను దిగి మా దగ్గరికి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి.

"మీరే ఎనక్కెళ్ళాలండి. బరువుందండి."

"అమ్మాయికి వెనక్కి సరిగ్గా రాదు బాబూ. కాస్త నీ బండే వెనక్కి తీస్తావా?"

అతను తల గోక్కున్నాడు. "నాకూ రాదండి. లైసెన్సుందండి, ఆయ్. ముందుకైతే ఎక్కడికైనా తోలేత్తానండి. ట్రక్కుతో ఎనక్కంటే మా నాన్న రావాలండి."

ఇంకొకప్పుడైతే నవ్వొచ్చేది. అమ్మాయి నా వైపు చూసింది. దాని పైపెదవి మీద చెమట. ఏసీలో చెమట పట్టిన మొహాన్ని నేను అంతకుముందు చూడలేదు. నేను దిగకపోతే దానికి అంచు తెలియదు. దిగితే అది కారులో ఒక్కతే. ఏ భయం పెద్దదో తేల్చుకోలేక డోరు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను. చివరికి మా అమ్మ గుర్తొచ్చి దిగాను.

"అద్దాలు దించు. బెల్టు తీసెయ్."

"బెల్టు తీస్తే కారు అరుస్తుందమ్మా."

"అరవనీ."

కారు చుట్టూ తిరిగి కాలవ వైపు వెళ్ళి, కుచ్చెళ్ళు దోపుకుని, వెనక చక్రానికి కొంచెం ఎడంగా నిలబడ్డాను. నా వెనక జానెడు గట్టు, ఆ తర్వాత పచ్చటి ఆకు. నాకు ఈత రాదు.

"వెనక కెమెరా స్క్రీను చూడకే. దానికి కాలవ కూడా గడ్డిలాగే కనబడుతుంది. నన్ను చూడు. రానీ."

కారు కదిలింది. మనిషి దగ్గరగా ఉందని కారు కీకీమని మొత్తుకోవడం మొదలెట్టింది. అది అరుస్తున్నకొద్దీ పిల్ల కంగారు పడుతోంది. కొంచెం దూరం బాగానే వచ్చింది. రానీ, రానీ అంటూ నేనూ వెనక్కి అడుగులు వేస్తున్నాను. నేను మరీ అంచుకు వెళ్ళిపోయానని దానికి అనిపించిందో ఏమో, నాకు దూరంగా జరుగుదామని స్టీరింగు తిప్పింది. వెనక్కి వెళ్ళేటప్పుడు ఎటు తిప్పితే ఎటు పోతుందో దానికి ఎవరూ నేర్పలేదు. కారు వెనక భాగం గబుక్కున నా మీదకే వచ్చింది.

ఆపమని అరుద్దామనుకున్నాను. అంత టైము లేదు. తప్పుకుందామంటే వెనక నేల లేదు. నా కుడికాలు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా నొక్కింది. కింద వాన మట్టి, చీలమండ దాకా దిగిపోయింది. మడమ వెనక నీళ్ళు చల్లగా తగిలాయి. నేను కళ్ళు మూసేసుకున్నాను.

కారు నా చీరకు తగిలి ఆగింది.

ఎక్కడో ట్రాక్టరు అతను "అమ్మగోరండీ, అమ్మగోరండీ" అంటున్నాడు. నేను కళ్ళు తెరిచాను. రెండు చేతులూ కారు మీద ఆనించి ఉన్నాను, కారు వేడిగా ఉంది. కిటికీలోంచి అమ్మాయి గొంతు చిన్నప్పుడు జ్వరంలో పిలిచినట్టు వినిపించింది.

"అమ్మా! ఉన్నావా?"

"ఉన్నానే."

తర్వాత అడిగింది.

"ఇప్పుడు ఆపింది నేనే కదమ్మా?"

"పక్క సీటులో ఎవరూ లేరు కదే."

అది స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. నేను కాలు మట్టిలోంచి పీక్కున్నాను. చెప్పు రాలేదు. ఏడవనిచ్చాను. నాకూ ఏడుపు వస్తోంది గానీ, ఇద్దరం ఏడిస్తే కారు అక్కడే ఉండిపోతుంది. రేవు ఇంకా వెనకే ఉంది. అది కళ్ళు తుడుచుకుని, కారును కాస్త ముందుకు తీసి సరిచేసుకుని, అద్దంలో నన్ను చూసింది.

"నువ్వు చేల వైపు నిలబడమ్మా. నాకు భయమేస్తోంది."

నాకు అంతకంటే భయంగా ఉంది. అయినా ఒంటి చెప్పుతో ఆ అంచునే నిలబడి, "రానీ" అన్నాను.