ఒక్క స్విచ్చేనా సార్?

ఈ రోజు మధ్యాహ్నం మా కాలేజీలో ట్రిపుల్ ఈ ఫైనలియర్ వాళ్ళకు బీటెక్ తర్వాత ఏం చదవొచ్చో చెప్పాను. పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్, వీఎల్ఎస్ఐ. అందరూ అడిగింది ఒక్కటే, దేనికి ఉద్యోగం త్వరగా వస్తుందని.

క్లాసు అయ్యాక, గజపతినగరం నుంచి వచ్చే అమ్మాయి ఒక్కతే ఆగిపోయింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"సార్, ఆపేసిన లైన్లోకి మళ్ళీ కరెంటు ఎలగొస్తాదో ఏ కోర్సులో సెప్తారు?"

"పవర్ సిస్టమ్స్‌లో ఉంటుందమ్మా. ఎందుకు?"

"మా నాన్న లైన్‌మేన్ సార్. తుఫానెల్లాక సప్లై ఆపించీసి స్తంబం ఎక్కినాడు. ఎవుల్దో షాపులో జనరేటరేస్తే ఆ కరెంటు లైన్లోకొచ్చీసింది. మరింక పేనంతో దిగనేదు."

ఏం చెయ్యాలో తోచక, బోర్డు మీద బొమ్మ గీశాను. షాపులో చేంజోవర్ స్విచ్ ఉంటే జనరేటరు వేసినప్పుడు వీధి లైనుతో సంబంధం తెగిపోతుందని, కరెంటు బయటికి పోదని చెప్పాను.

ఆ పిల్ల బొమ్మ వైపే చూస్తూ నిలబడింది.

"ఒక్క స్విచ్చేనా సార్? ఇన్నాళ్ళూ ఏదో పెద్ద కారణం ఉంటాదనుకున్నాను. దీనికి ఎంటెక్ ఏటికి సార్?"

చున్నీతో కళ్ళు తుడుచుకుని బస్సుకి వెళ్ళిపోయింది. గంటసేపు కోర్సుల గురించి ఊదరగొట్టిన నేను, బోర్డు మీద ఆ బొమ్మ చెరపకుండానే వచ్చేశాను.

మీ ఇంట్లోనో షాపులోనో జనరేటరు ఉంటే, ఆ స్విచ్ ఉందో లేదో ఇప్పుడే చూసి కింద కామెంట్లలో రాయండి. ఉందని రాసినవన్నీ రేపు తనకు చూపిస్తాను.