గోలీలు ఏరలేని చేయి

జూన్ ఇరవై, శుక్రవారం. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: జగిత్యాలలో నాకు పని నేర్పే మా మేడమ్ నా కేసు రిపోర్టును సంతకం పెట్టకుండానే తిరిగి ఇచ్చేశారు. రోగులకు రోజువారీ పనులు మళ్లీ చేతనయ్యేలా చేసే ఆక్యుపేషనల్ థెరపీలో పీజీ దరఖాస్తుతో ఆ రిపోర్టు జతచేయాలి. గడువు రేపు మధ్యాహ్నం వరకే.

సిరిసిల్ల రాజవ్వకు పక్షవాతం వచ్చాక, ఆమె కుడి చేతికి నెల రోజులుగా నేనే వ్యాయామాలు చేయిస్తున్నాను. వేళ్ల పట్టు చూసే పరీక్షలో గిన్నెలోంచి గోలీలు ఏరలేకపోయిందని "మెరుగుదల శూన్యం" అని రాశాను. ఆ మాట రాసినందుకు కాస్త మురిసిపోయాను కూడా.

"ఆమె ఇంట్ల గోలీలాడుతదా? ఏం పని చేస్తదో అడిగినవా?" అన్నారు మేడమ్.

అడగలేదు. వెంటనే సిరిసిల్ల బస్సెక్కాను. వెళ్లేసరికి రాజవ్వ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేస్తోంది.

"గీ పని చేస్తవని చెప్పకపోతివేందవ్వా?"

"నువ్వు అడిగినవా బిడ్డా? అచ్చినప్పుడల్లా గోలీలేరుమంటివి. నాకు నవ్వు ఆగకపాయె."

ఆకు చుట్టింది, దారం కట్టింది. చివర మడవబోతే బొటనవేలు వంగలేదు, పొగాకు చాటలో రాలింది. ఆమె నవ్వూ ఆగింది.

"గిదొక్కటి రావాలె బిడ్డా. గిట్లుంటే కార్ఖానల మాల్ తీస్కోరు."

తిరిగి మా ఊరు కోరుట్ల చేరేలోపు బస్సులోనే రిపోర్టు మళ్లీ రాశాను. "శూన్యం" కొట్టేసి, ఆ బొటనవేలు గురించి రాశాను. అడగాల్సింది అడగకుండానే మార్కులేసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, నాకు తోడుంటుంది.

రేపు పొద్దున ఏడింటికల్లా మేడమ్ గుమ్మం ముందు ఉంటాను. మళ్లీ తిప్పి పంపుతారేమో, తెల్ల కాగితాలు కూడా పట్టుకెళ్తాను.