ఇల్లు అనగా

పదేళ్లు దాటింది. ఒక సంగతి నా గొంతులో అట్లానే ఉంది. మింగినా దిగలేదు, ఎవరి ముందరా బయటికి రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెప్తున్నాను. ఇది కూడా పిరికితనమే. తెలుసు.

నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా ఊరు. అక్కడ ఒక ప్లీడరు దగ్గర నేను గుమాస్తాని. దస్తావేజులు రాయడం నా పని. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని కక్షిదారులు పొగిడేవాళ్లు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా నేనే. అప్పుడు ముప్పై ఏళ్లు కూడా లేవు నాకు. పొడుగు చేతుల చొక్కా, జేబులో రెండు కలాలు, నాకంటే తెలిసినవాడు లేడన్నట్టు ఒక నవ్వు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు రోత పుడుతుంది.

మా ప్లీడరు ఇంగ్లీషులో కాంట్రాక్టులు రాసేటప్పుడు మొదటి పేజీలోనే అర్థాలు రాసుకునేవాడు. ఈ కాగితంలో సరుకు అనగా ఇది, గడువు అనగా ఇది అని. ఎందుకని ఒకసారి అడిగితే చెప్పినాడు. కాగితంలో ఒక మాటకు అర్థం రాసిపెడితే, ఆ మాట ఇంక లోకానిది కాదంట, కాగితానిదంట. జనం దాన్ని ఎట్లా వాడుకుంటారో కోర్టుకు అక్కర్లేదంట. అది వినగానే నాకు మత్తెక్కినట్టయింది. మా వైపు తెలుగు దస్తావేజుల్లో ఎవరూ అట్లా రాసేవాళ్లు కాదు. నేను రాయాల. రాసి ఆయన చేత ఔరా అనిపించుకోవాల. ఎవరి మెడ మీద రాస్తానో అప్పటికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

రమణమ్మ దొరికింది.

మనుబోలుకు తూర్పున, ఇసక నేలల్లో ఉండే పల్లె ఆమెది. మొగుడు చనిపోయినాడు, పిల్లలు లేరు. ఆస్తిలో ఆడవాళ్లకూ వాటా ఇచ్చే చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. ఆమె మరిదికి భయం పట్టుకుంది. వదిన వాటా అడగకముందే విడుదల దస్తావేజు రాయించుకోవాలని మా ఆఫీసుకు వచ్చినాడు. ఆమె పొలంలో హక్కు వదులుకుంటుంది, బదులుగా తను కాపురం చేసిన ఇంట్లో బతికినంతకాలం ఉంటుంది. ఆమె దానికి ఒప్పుకునింది. పొలం ఏం చేసుకుంటాను, తల దాచుకునే చోటుంటే చాలని చెప్పిందంట.

మరిదికి ఒకటే చిక్కు. ఆ పల్లెలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. మంచినీళ్లు పడేది ఆ ఇంటి వెనక దొడ్డిలో ఉండే బావిలోనే. దాని కింద మిరపతోట వెయ్యాలని అతని ఆశ. బావి ఆమెకు లేదని రాస్తే ఆమె వేలిముద్ర వెయ్యదు. రాయకపోతే బావి చేతికి రాదు. ఏం చెయ్యాలో తెలియక తల గోక్కుంటా కూర్చున్నాడు. మోసం చెయ్యమని నన్ను అడగలేదు. అడిగే తెలివి కూడా లేదు ఆ మనిషికి. ఆ తెలివి నేనిచ్చినాను.

"ఈ దస్తావేజులో ఇల్లు అనగా గోడలు, పైకప్పు గల కట్టడము మాత్రమే. తదితర ఆవరణము ఇందులో చేరదు."

బావి అనే మాటే రాయలేదు చూడండి. అదే నా ఘనత. ఆ తర్వాత కాగితం నిండా ఇల్లు, ఇల్లు, ఇల్లు. ఇంట్లో ఉండవచ్చును, ఇంటిని అనుభవించవచ్చును. మా ప్లీడరు చదివి, కళ్లజోడు తీసి, నువ్వు ప్లీడరు కావలసినవాడివిరా అన్నాడు. ఆ మెచ్చుకోలు కోసం చేసినాను. పైసా తీసుకోలేదు. లంచం తిన్నవాడికైనా కడుపు కోసం తిన్నానని చెప్పుకునే వీలుంటుంది. నాకేముంది?

రిజిస్ట్రారు కచేరీ వరండాలో ఆమెకు చదివి వినిపించినాను. చర్చిలో వాక్యం చదివినట్టు, గుక్క తిప్పుకోకుండా. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకొని వినింది. అంతా అయినాక నెమ్మదిగా అడిగింది.

"ఇల్లంటే బావి కూడా కలిసే గదయ్యా?"

"ఇల్లంటే ఇల్లే అక్కా. బావి లేకుండా ఎవరన్నా కాపురం చేస్తారా?"

ఆమె నవ్వింది. వేలిముద్ర వేసింది.

నేను అబద్ధం చెప్పలేదని ఆ రోజు ఎంత మురిసిపోయినానో. ఇల్లంటే ఇల్లే, అది నిజం. రెండోది ప్రశ్న, ప్రశ్న అబద్ధమెట్లా అవుతుంది? ఇట్లా నాలో నేను వాదించుకుంటా సైకిలు తొక్కుకుంటా ఇంటికి పోయినాను. అక్కా అని కూడా పిలిచినాను. ఎందుకు పిలిచినాను? గొర్రెకు మేత చూపించినట్టు పిలిచినాను.

మూడో ఏడు మరిది ఇంటికీ బావికీ నడుమ గోడ లేపినాడు. ఆమె బతిమాలింది. ఊళ్లో పెద్దలూ చెప్పి చూసినారు. అతను దస్తావేజు చూపించినాడు. చివరికి ఆమె తమ్ముడు మునసబు కోర్టులో దావా వేయించినాడు. మరిది తరఫున మా ప్లీడరే.

ఆమె బోనెక్కి, వరండాలో తను అడిగింది, నేను చెప్పింది, ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పింది. తర్వాత నన్ను పిలిచినారు. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినాను. బావి సంగతి ఆమె మిమ్మల్ని అడిగిందా అని ఆమె వకీలు అడిగినాడు. అడగలేదన్నాను.

ఎందుకన్నాను? జైలు భయమా? కాదు. మా ప్లీడరు ఉద్యోగం తీసేస్తాడనా? అది కూడా కాదు, ఇట్లా సాక్ష్యం చెప్పమని ఆయన నాకేమీ నేర్పలేదు. అడిగిందని ఒప్పుకుంటే మీరేం చెప్పినారు అనేది తర్వాతి ప్రశ్న. ఆ జవాబు విని కోర్టులో జనం నవ్వుతారు. నా గొప్ప వాక్యం సంతలో తూకం దగ్గర చేసే గారడీ పాటిదని తేలిపోతుంది. దానికి భయపడినాను. నవ్వుతారని ఒక మనిషి నోట్లో మంచినీళ్లు లేకుండా చేసినాను.

దస్తావేజులో విడమరిచి అర్థం రాసిన మాటకు లోకంలో వాడే అర్థం చెల్లదని మునసబు గారు తీర్పు రాసినారు. ఆయన తప్పేం లేదు. ఆయన ముందర ఉన్నది నా కాగితం, నా ప్రమాణం.

బయట వరండాలో ఆమె నా దగ్గరికి వచ్చింది. మొహాన ఉమ్మేస్తుందనుకున్నాను. ఉమ్మేసి ఉంటే బాగుండేది.

"దినానికి ఎన్ని కాగితాలు రాస్తారో అయ్యా. మరిచిపోయి ఉంటారు."

నేను తలూపినాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆమె పక్క పల్లె నించి బిందెతో నీళ్లు మోసింది. ఇసకలో, ఎండలో. ఒకనాడు పడి తుంటి విరిగింది. వెంకటాచలంలో ఉన్న తమ్ముడు తీసుకొనిపోయినాడు. ఏడాది పాటు ఇల్లు విడిచి ఉంటే హక్కు పోతుందని దస్తావేజులో ఇంకో షరతు ఉంది. అది కూడా నా చేతి రాతే. ఇప్పుడా ఇంట్లో మిరపకాయల బస్తాలు వేసినారు. నిరుడు ఇంకో కాగితం రాయించడానికి వచ్చి, వదిన పోయిందని మరిది మాటల్లో మాటగా అన్నాడు. నేను అయ్యో అని, కలంలో సిరా పోసుకొని, సరిహద్దులు చెప్పమన్నాను.

నాకు పేరు మాత్రం వచ్చింది. నాయుడుపేట నించి కూడా వచ్చి, అనగా పెట్టి రాయండి అని అడుగుతారు. రాస్తాను.

ఆమె పోయిందని విన్న వారం మా పాస్టరు గారి దగ్గరికి పోయినాను. చానా రోజుల కిందట ఒక దస్తావేజులో పొరపాటు జరిగింది, దాంతో ఒకామెకు నష్టం వచ్చిందని చెప్పినాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. దేవుడు క్షమించినాడు, మనసులో పెట్టుకోవద్దన్నాడు. పాపం, మంచి మనిషి. నేను చెయ్యనిదాన్ని క్షమించి పంపించినాడు. ఆయన ముందర మోకాళ్ల మీద ఉండి కూడా సరైన మాట వాడలేదు నేను.

మీరు క్షమించాలని ఇది రాయలేదు. క్షమించేందుకు మీరెవరు? ఆమె అడిగింది, నేను విన్నాను, బావి ఉందని నమ్మించినాను, కోర్టులో అడగలేదని చెప్పినాను. పొరపాటు కాదు. కావాలని చేసినాను.

ఈ చివరి ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపినాను. రాసినాను. గొంతు కొంచెం తేలికయింది. అంతకుమించి ఏమీ జరగలేదు.