మామయ్య చెప్పిన అర్థం

పెళ్ళయి యాంగోన్ వచ్చిన కొత్తలో నాకు బర్మా మాట ఒక్కటీ రాదు. మా నాన్న విశాఖపట్నంలో సంఘ కాపరి. నేను బైబిలు శిక్షణ పొందినదాన్ని. తెలుగులో స్త్రీల కూటానికి వాక్యం చెప్పమంటే చెప్పగలను. ఇంగ్లీషు మాత్రం పుస్తకంలో ఉంటే చదువుతాను, మనిషి నోటి నుంచి వస్తే సగం జారిపోతుంది. తామ్వే పేటలో, తాతల నాడే వలస వచ్చిన మా అత్తవారింట్లో అందరూ తెలుగే మాట్లాడేవారు. మెట్లు దిగి వీధిలోకి వస్తే మూగదాన్ని.

నా భర్త ఓడలో పనిచేస్తారు. పెళ్ళయిన మూడో నెలలోనే సముద్రం మీదికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక దగ్గరలోని చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరాను. అక్కడ పిల్లలతో ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని నియమం. నాకు బర్మా భాష రాకపోవడమే అక్కడ అర్హత అయింది. పిల్లలు నన్ను సయామా అని పిలిచేవారు, అంటే టీచరమ్మ అని.

మొదటి వారంలో ఒక టీచరు రాలేదు. ఆవిడ 'అండర్ ది వెదర్' అని పెద్ద టీచరు చెప్పారు. వానకు ఆగిపోయిందనుకుని, వాన తగ్గింది కదండీ, వచ్చేస్తారులెండి అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియక నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం నన్ను చూసి మామయ్యే అడిగారు. ఆయన సేక్కాన్ రేవులో గుమస్తాగా చేసి రిటైరయినవారు. ఓడల మీది దొరల దగ్గర, వాళ్ళతో పోట్లాడుతూ నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. విషయం విని కాసేపు కడుపు పట్టుకుని నవ్వి, "ఒంట్లో బాగోనేదని అర్థమమ్మా. వానకీ దానికీ సంబందం నేదు. రేపట్నించి తెలీని మాట ఇనబడితే నా కాడికి తే. ఇద్దరం కలిసి ఇప్పుదాం," అన్నారు.

అది మా అలవాటైపోయింది. సాయంత్రం కరెంటు పోయాక ఇద్దరం బాల్కనీలో కూర్చునేవాళ్ళం. "ఇయాల ఏటి తెచ్చావు?" అని, నేను బజారు నుంచి కూరలు తెచ్చినట్టే అడిగేవారు. ఒకరోజు 'టచ్ అండ్ గో' తీసుకెళ్ళాను. "మన నదిలో ఇసక మేటలున్నాయా, ఓడ అడుగు దానికి తగుల్తాది. ఆగిపోయిందా అనిపిత్తాది. మళ్ళీ కదుల్తాది. ఆ మద్దిన ఓడ నడిపేవోడి గుండెలో ఏటుంటాదో, అదీ ఆ మాట," అన్నారు. చెప్పాక ఆ మాటతో నా చేత సొంతంగా ఒక వాక్యం చెప్పించేవారు. తప్పయితే మళ్ళీ చెప్పించేవారు.

'టచ్ వుడ్' మాత్రం నేర్పలేదు. "మనకొద్దది. కర్రని ముట్టుకుంటే కీడు పోద్దా? మనకి సిలవ మాను ఒకటుంది, సాలు," అన్నారు. లోపలి నుంచి అత్తయ్య, "కోడలికి ఇంగిలీసు నేర్పుతున్నారా, ప్రసంగం సెప్తన్నారా? అన్నం సల్లారిపోతంది," అని అరిచేది.

ఇంత దైవభక్తి గల మనిషి, మా సంఘంలో పెద్ద, ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునేటప్పుడు, చెయ్యి వేసేవారు కాదు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం మా వరస దాకా వచ్చేది. ఆయన దాన్ని అందుకుని, తీసుకోకుండానే నాకు అందించేవారు. మా వాళ్ళలో ఇది పాత పద్ధతి. సహోదరుడితో సమాధానం, అంటే సఖ్యత, లేనివాడు రొట్టె ముట్టకూడదు. ముందు వెళ్ళి సమాధానపడాలి, తర్వాతే బల్ల.

ఆయనకు సమాధానం లేనిది సొంత తమ్ముడితో. చిన్న మామయ్య ఊరి చివర మింగళాడోన్‌లో ఉంటారు. పిల్లలకు తెలుగు అర్థం కావడం లేదు, ఆరాధన బర్మా భాషలోకి మార్చకపోతే గుడి ఖాళీ అవుతుందని ఆయన సంఘంలో లేచి అన్నారట. మా మామయ్య లేచి, తాతలు కట్టిన గుడిలో తెలుగు పాట ఆగిపోతే ఆ రోజే నన్ను పాతిపెట్టండి అన్నారట. ఇంకా ఏవేవో అనుకున్నారట. ఇదంతా నేను రాకముందు మాట. ఆ తర్వాత తమ్ముడు ఈ ఇంటి గడప తొక్కలేదు. వెళ్ళి మాట్లాడండి మామయ్యా అని నేను రెండు మూడు సార్లు అన్నాను. "ఎల్తానమ్మా. తొందరేటుంది?" అనేవారు.

మొన్నటి వానాకాలంలో ఆయనకు అన్నం సయించడం మానేసింది. కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో చేర్చాం. పరీక్షలన్నీ అయ్యాక, అత్తయ్య గంజి తేవడానికి కిందికి వెళ్ళిన సమయంలో, పెద్ద డాక్టరు వచ్చి నన్ను వరండాలోకి పిలిచారు. బర్మా భాషలో మొదలుపెట్టి, నా ముఖం చూసి ఇంగ్లీషులోకి మారారు. నెమ్మదిగా, దయగా మాట్లాడారు. కాలేయం అన్న మాట తెలిసింది. ఆపరేషన్ కుదరదన్నది తెలిసింది. చివర్లో ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి, 'వియ్ ఆర్ ఓన్లీ బయింగ్ టైమ్' అన్నారు. విడివిడిగా ఆ మాటలన్నీ నాకు తెలుసు. కలిపితే ఏమవుతాయో తెలియలేదు. మందులకు వ్యవధి పడుతుందని కాబోలు అనుకున్నాను. ఆయన ముఖం చూస్తే అలా అనిపించలేదు.

లోపలికి వచ్చేసరికి మామయ్య తలగడకు ఆనుకుని నా కోసమే చూస్తున్నారు.

"ఏటన్నాడమ్మా డాకటరు?"

"ఆపరేషన్ చెయ్యరట మామయ్యా. చివర్లో ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు."

"నీకు తెలిసింది సెప్పొద్దు. ఆయన నోట్లోంచి ఏటొచ్చిందో అదే సెప్పు."

చెప్పాను. ఆయన కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. తర్వాత, బాల్కనీలో చెప్పినంత ఓపికగా చెప్పారు. "టైము అమ్మకానికి దొరికే సరుకు కాదు కదా. అయినా కొంటన్నాం అంటన్నాడు. వచ్చినోడు వచ్చేసాడు, ఆపలేం. గుమ్మంలో నిలబెట్టి నాలుగు మాటలు సెప్పి, కాసేపు ఆపుతున్నాం. అంతేనమ్మా దానికి అర్థం."

ఆ మాటతో వాక్యం చెప్పమని ఆ రోజు నన్ను అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "ఏడవకు. మంచి డాకటరు. ఉన్నదున్నట్టు సెప్పాడు," అన్నారు. కాసేపటికి, "మీ సిన్న మావకి కబురెట్టు. నన్ను ఇంటికి తీసుకుపొండి. బల్ల ఇంట్లోనే తీసుకుంటానని పాస్టరు గారికి సెప్పు," అన్నారు.

అత్తయ్య గంజి గిన్నెతో వచ్చి, ఆయన ముఖం చూసి, నా ముఖం చూసింది. గిన్నె బల్ల మీద పెట్టి మంచం చివర కూర్చుంది.

మర్నాడు మామయ్యను ఇంటికి తీసుకొచ్చాం. చిన్న మామయ్య ఆ రోజే మింగళాడోన్ నుంచి బస్సులు మారి వచ్చారు. తలుపు దగ్గరే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయారు.

"ఏరా, బస్సు దొరకనేదా ఇన్నేళ్ళూ?" అన్నారు మామయ్య మంచం మీద నుంచి.

"నువ్వు పిలిత్తే కదా. ఒళ్ళు ముసిలోడిది, పంతం మాత్రం కుర్రోడిది."

"మరి నీది?"

"నాదీ అంతే. ఒక కడుపునే పుట్టాం కదేటి."

అంతకు మించి క్షమాపణలు నేను వినలేదు. తమ్ముడు మంచం పక్కన నేల మీద కూర్చుని అన్న కాళ్ళు పట్టుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు రేవు సంగతులు చెప్పుకున్నారు.

ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు గారు రొట్టె, ద్రాక్షారసం పాత్ర తీసుకుని ఇంటికి వచ్చారు. అప్పటికి మామయ్య మాట బాగా సన్నగిల్లింది. తమ్ముణ్ణి ప్రార్థన చెయ్యమని సైగ చేశారు. చిన్న మామయ్య తెలుగులోనే మొదలుపెట్టారు. "ప్రభువా, మా అన్న..." అన్నారు. తర్వాత మాట రాలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆయన ప్రార్థన బర్మా భాషలోనే. మళ్ళీ "ప్రభువా" అన్నారు, ఆగిపోయారు.

"నీకొచ్చే బాసలో సెయ్యరా," అన్నారు మామయ్య. "ఆయనకి అన్నీ వచ్చు."

చిన్న మామయ్య బర్మా భాషలో ప్రార్థించారు. నాకు అందులో అకో అన్న మాట ఒక్కటే తెలిసింది. అన్న అని. అది చాలాసార్లు వినబడింది. ఆమేన్ అన్నప్పుడు మామయ్య గొంతు కూడా కలిసింది.

రొట్టె ముక్క ఆయన నాలుక మీద పెట్టారు గాని మింగుడు పడలేదు. అత్తయ్య దాన్ని బయటికి తీసి, ద్రాక్షారసంలో నానబెట్టి, చెంచాతో మెత్తగా నలిపి పట్టింది. సగం గడ్డం మీదికి కారింది. సగం లోపలికి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఆయన ఆ వారం దాటలేదు. నా భర్త ఓడ ఎక్కడో దూరాన ఉంది, రాలేకపోయారు. సమాధి దగ్గర పాటలు తెలుగులో పాడారు. పిల్లలు పుస్తకంలోకి చూస్తూ పెదవులు కదిపారు.

ఇంటికొచ్చాక వంటగదిలో అత్తయ్య, చిన్న మామయ్య, నేను మిగిలాం. అత్తయ్య గోడ వైపు చూస్తూ అంది. "ఆ డాకటరు మాట ఈ పిల్ల ఆయన కాడికి మోసుకెళ్ళింది. తెలీకపోతే ఇంకో నెల్లాళ్ళు ఉండీవోరు. తెలిసింది, సర్దుకున్నారు, ఎలిపోయారు."

"వదినా, ఆ పిల్ల సెప్పబట్టే కదా నాను వచ్చింది," అన్నారు చిన్న మామయ్య.

"నువ్వు నెల పోయాకైనా వచ్చీవోడివి."

ఆయన తల దించుకున్నారు. మన దినాలు మనకు తెలిసినా తెలియకపోయినా అవి దేవుని చేతిలోనివని నేను ఎంతోమందికి బోధించాను, ఇప్పటికీ నమ్ముతాను. ఆ వంటగదిలో అది ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. ప్రభువా, ఈమె ఇంత తినేలా చెయ్యి అని మాత్రం లోపల అడిగాను.

అన్నం, పప్పు కంచంలో పెట్టి ఆమె ముందుంచాను. నా వైపు చూడకుండానే, "నువ్వు తిన్నావా?" అంది.

తినలేదని చెప్పాను.

"తిను మరి," అంది. తన కంచం మాత్రం ముట్టుకోలేదు.