మేస్త్రి గారి ఇంగ్లీషు అర్జీ

బస్సుల షెడ్డులో మేస్త్రిగా పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషికి చేతకాని పనంటూ లేదు. చదివింది పల్లెటూరి బడే అయినా ఇంగ్లీషులో ఎప్పుడూ ఆయనే మొదటివాడు. షెడ్డు నుంచి పై ఆఫీసుకు పోయే ప్రతి అర్జీ ఆయన చేతి రాతే. ఒక అర్జీతో కారుతున్న కప్పుకు కొత్త రేకులు వచ్చాయి, ఇంకో అర్జీతో మంచినీళ్ల కుళాయి వచ్చింది. వాటిలో వెతికినా కొట్టివేత కనిపించేది కాదు. మాట తప్పుపడితే కాగితం మొత్తం మళ్లీ రాయాలని చిన్ననాటి పంతులుగారు చెప్పిన నియమాన్ని ఆయన ఏనాడూ మీరలేదు.

అంతటివాడికి ఆ రోజు ఆసుపత్రి వరండాలో చెమటలు పట్టాయి.

భార్య స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేస్తామన్నారు. కానీ సాయంత్రం ఆసుపత్రి కౌంటరు మూసేలోగా ఇన్సూరెన్సు కంపెనీకి ఇంగ్లీషులో అర్జీ వెళ్లాలి, వాళ్లు ఒప్పుకోవాలి. ఆ తర్వాత వాళ్లకు వరసగా సెలవులు. అన్నాళ్లూ ఆమె ఆ నొప్పితో మంచం మీద ఉండాల్సిందే.

"నేను రాసిపెట్టనా తాతగారూ?" అంది కౌంటరు అమ్మాయి.

"నాకా? ఊరందరికీ రాసిపెట్టినవాణ్ణమ్మా!" అని ఆయన బల్ల మీద కూర్చున్నాడు.

కలం చకచకా నడిచి ఒక్కచోట ఆగిపోయింది. ఇన్సూరెన్సును ఏం చేస్తామని రాయాలి? 'యూజ్' అన్నాడు. సబ్బు అరగదీసినట్టుంది. కొత్త కాగితం తీశాడు. 'టేక్' అన్నాడు. జేబులో చెయ్యిపెట్టి లాక్కున్నట్టుంది. మళ్లీ కాగితం. 'అవైల్' దర్జాగానే ఉంది కానీ దాని వెనక ఏమేం తగిలించాలో గుర్తు రాలేదు. ఇక 'క్లెయిమ్' ఊసే వద్దు. పొలం గట్టు తగాదాలో దాయాది పంపిన లాయరు నోటీసులో ఆ మాటే ఉంది. ఇల్లాలు మంచాన ఉండగా కంపెనీతో కయ్యమా?

మాట మారినప్పుడల్లా అర్జీ మొదటికొచ్చింది.

బావమరిది వచ్చి తొంగిచూశాడు. "బావా, ఇది అర్జీయా, శుభలేఖా? అక్కడ అక్క పళ్లు బిగబట్టుకుని ఉంది."

"తొందరపడితే పని చెడుతుందిరా. వాళ్లు తిరక్కొడితే నువ్వు అడ్డుపడతావా?"

"తిరక్కొట్టడానికైనా కాగితం వాళ్లకు అందాలిగా!"

అప్పుడే వార్డులోంచి భార్య మూలుగు వినపడింది. ఆయన ఆ మాట రావలసిన చోట ఖాళీ వదిలేసి, సంతకం గీకి, కౌంటరు వైపు పరుగులాంటి నడకతో వెళ్లాడు. అమ్మాయి అప్పటికే సంచి భుజాన వేసుకుంది. నిలబడే చదివింది.

"మీ సర్వీసంతా రాశారు. రేకులు, కుళాయి కూడా ఉన్నాయి. పేషెంటు ఎవరు తాతగారూ?"

"మా ఆవిడ."

"ఆవిడ ఇందులో ఎక్కడా లేరే! ఏ కాలు? ఎలా పడ్డారు? మధ్యలో ఈ ఖాళీ ఏంటి?"

ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అనేశాడు. "నాకు తెలియలేదమ్మా. నువ్వే చెప్పు."

"క్లెయిమ్ అని రాయండి. అందరూ అదే రాస్తారు."

"పోట్లాటకు దిగినట్టు ఉండదూ?"

"ఆపదకనేగా బీమా చేయించుకున్నారు? అడిగితే పోట్లాట ఎలా అవుతుంది?"

ఆయన అక్కడే నిలబడి రేకుల్ని కొట్టేశాడు. కుళాయిని కొట్టేశాడు. పైన సందు చూసుకుని భార్య పేరు, ఎడమ తుంటి, జారిపడ్డ సంగతి ఇరికించాడు. ముత్యాల కోవలాంటి అర్జీ దున్నిన చేనులా తయారైంది. అమ్మాయి సంచి దించి దాన్ని కంపెనీకి పంపింది. జవాబు వచ్చేదాకా ఆయన కౌంటరు అంచు వదల్లేదు.

"ఒప్పుకున్నారు తాతగారూ. వెళ్లి ఆవిడకు చెప్పండి."

వార్డులో భార్య కళ్లు తెరిచింది. "ఏమన్నారండీ?"

"పొద్దున్నే ఆపరేషన్."

"ఇంతసేపూ ఏం రాశారు?"

"ముందు నా గురించి. చివర్లో నీ గురించి."

"ఆ మొదటిది మాకు నోటికొచ్చులే బావా!" అన్నాడు బావమరిది.

"నవ్వించకురా, నొప్పి పుడుతోంది," అంటూ ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.