చిన్నాయన కొన్న మైక్రోస్కోపు

బడిలో పిల్లలను ఏదీ చేత్తో చేయనివ్వరని కోపమొచ్చి, కరీంనగర్‌లో మా చిన్నాయన తన ఇద్దరు బిడ్డలను మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టాడు. సైన్సు సామాను కొనడానికి నన్నూ తీసుకుపోయాడు. దుకాణదారు భూతద్దాలు చూపిస్తే, "గివి ఆటబొమ్మలు" అని పక్కకు నెట్టి, అన్నిటికన్నా బరువైన మైక్రోస్కోపు ఎంచుకున్నాడు.

ఇంటికి రాగానే దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు దగ్గరికొస్తే ఒకటే మాట: "దూరంకెల్లి చూడుండ్రి. ముట్టుకుంటే ఖరాబైతది." చుట్టాలకు మాత్రం దాని గొప్పలు గంటసేపు చెప్పేవాడు.

వానాకాలం పోయాక, డాక్టరైన బావమరిది పట్టుబట్టి తాళం తీయించి, కన్ను ఆనించి చూశాడు.

"బావా, అద్దానికి బూజు వట్టింది."

చిన్నాయన ముఖం మాడిపోయింది. పెద్దబిడ్డ మాత్రం ఆశగా ముందుకొచ్చింది.

"బాపూ, గా బూజు ఎట్లుంటదో మమ్ములను జర చూడనియ్యవా?"